దొరబాబు సగం మందు

మొగలికోడు అనే ఉప్పుటేటి పాయ గట్టున రొయ్యల చెరువు పెట్టుకున్న దొరబాబు మంచివాడే గానీ, భయం పుట్టిన చోటల్లా మందు చల్లే చెడ్డ అలవాటు ఒకటి అతనికి ఉండేది.

దాన్ని పిరికితనం అంటే ఒప్పుకునేవాడు కాదు. ముందుజాగ్రత్త అనేవాడు. ఇంట్లో ఎవరైనా తుమ్మితే చాలు, అటక మీది బిస్కెట్ డబ్బా కిందికి దిగేది. డబ్బా నిండా సగం వాడి వదిలేసిన మాత్రల అట్టలే. వాటిని ఏ డాక్టరు ఎవరికి ఏ జబ్బుకని రాశాడో ఎవరికీ గుర్తులేదు. దొరబాబుకి ఆ చింత లేదు. ఎర్రవి జ్వరానికి, పచ్చవి కడుపునొప్పికి అని రంగును బట్టి వైద్యం చేసేవాడు. ఒకటో రెండో మింగాక కాస్త నెమ్మదించిందంటే మిగతావి మళ్ళీ డబ్బాలోకి పోయేవి.

"తగ్గిపోయాక కూడా మింగడం దేనికి, దండగ" అనేవాడు.

"మీరు మందుల కొట్లో పుట్టాల్సిన మనిషండి. దారి తప్పి చెరువు గట్టున పుట్టారు" అని అతని భార్య నూకరత్నం ఎత్తిపొడిచేది. దొరబాబు దాన్ని మెచ్చుకోలు కింద జమ కట్టుకునేవాడు.

చెరువు దగ్గరా అదే వైద్యం. రొయ్యకు నోరు లేదు కాబట్టి దాని ఒంట్లో ఎలా ఉందో మేతను బట్టి తెలుసుకోవాలి. అందుకని వలగుడ్డ బిగించిన పళ్ళెంలో కాస్త మేత వేసి చెరువులోకి దించుతారు. దాన్ని చెక్‌ట్రే అంటారు. కాసేపాగి పైకి లాగితే, మేత అయిపోయి ఉంటే రొయ్యలు బాగున్నట్టు. మిగిలి ఉంటే ఏదో తేడా ఉన్నట్టు. ట్రేలో నాలుగు పలుకులు మిగిలినా దొరబాబు గుండె జారిపోయేది. వెంటనే బండి తీసి టౌనుకు పోయేవాడు. అక్కడ ఒక కొట్టువాడు బల్ల కింద నుంచి తీసి ఇచ్చే తెల్లపొడి పొట్లం తెచ్చేవాడు. దాని మీద పేరు ఉండేది కాదు. అది మనుషుల జబ్బులకు వాడే మందనీ, రొయ్యలకు పెట్టకూడదని ప్రభుత్వం ఏనాడో చెప్పిందనీ కొట్టువాడికి తెలుసు, దొరబాబుకీ తెలుసు. బల్ల మీది నుంచి ఇవ్వకుండా బల్ల కింది నుంచి ఇవ్వడంలోనే అంతా ఉంది కదా. ఆ పొడిని బెల్లం నీళ్ళతో మేతకు పట్టించి, నీడన ఆరబెట్టి చెరువులో చల్లేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అమావాస్య దగ్గరపడితే రొయ్యలు పాత గుల్ల వదిలి కొత్త గుల్ల కట్టుకుంటాయి. ఒళ్ళు మెత్తగా ఉన్న ఆ రోజుల్లో అవి ఎక్కువ తిరగవు, సరిగా తినవు. కొత్త గుల్ల గట్టిపడగానే మళ్ళీ ఆవురావురుమని తింటాయి. కోడు గట్టున పెరిగినవాళ్ళందరికీ ఇది తెలుసు. దొరబాబుకీ తెలుసు. కానీ భయం లోపలికి వస్తే తెలివి పెరటిదారిన వెళ్ళిపోతుంది. ప్రతి అమావాస్యకీ ట్రేలో మేత మిగిలేది, ప్రతి అమావాస్యకీ అతను మందు పెట్టేవాడు, రొయ్యలు వాటంతట అవే కోలుకునేవి. "చూశావా నా మందు" అని అతను మీసం దువ్వుకునేవాడు. తన కోడీ తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ లెక్కన్నమాట. పైగా రొయ్యలు మేత అందుకోగానే మందు ఆపేసి, మిగిలిన పొట్లం దాచేవాడు.

మొగలికోడు ఊళ్ళో ఇంకో మర్యాద కూడా ఉండేది. ఒకరి చెరువులో మందు మిగిలితే పక్క చెరువు వాళ్ళకు ఇస్తారు. పెరుగు తోడుకు చిన్న గిన్నె పట్టుకొచ్చిన పొరుగింటావిడను వట్టిచేతులతో పంపనట్టే, ఇదీను. దొరబాబు చెరువు పక్కనే మంగాయమ్మ చెరువు ఉండేది. వరుసకు అతనికి అక్క. ఒకరోజు దొరబాబు ఆమెకు సగం పొట్లం తీసుకెళ్ళాడు.

"అక్కా, ఇది మిగిలింది. నీ చెరువులో వేసుకో" అన్నాడు.

మంగాయమ్మ అప్పుడు నీలం డ్రమ్ములో తవుడూ బెల్లమూ కలిపి పులియబెడుతోంది. చెరువుకు మేలు చేసే సూక్ష్మజీవులను అలా పెంచి నీళ్ళలో వదలడం ఆమె పద్ధతి. ఆ పొట్లం వైపు చూసి చేతులు తుడుచుకుంది గానీ అందుకోలేదు.

"కూర మిగిలితే పట్టుకురా తమ్ముడూ, తింటాను. మందు మిగలకూడదు. మిగిలిందంటే అక్కర్లేని చోట వాడినట్టు, లేదా అక్కరున్న చోట సగంలో ఆపినట్టు. ఏదైనా తప్పే."

"అదేంటక్కా, ముందుజాగ్రత్త తప్పా?"

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడం జాగ్రత్త కాదురా."

దొరబాబు నవ్వాడు. "పిచ్చుకా చచ్చింది, బ్రహ్మాస్త్రమూ మిగిలింది. ఇదిగో, పొట్లంలోనే ఉంది" అని దాన్ని జేబులో వేసుకుని వచ్చేశాడు. ఆ మాట తాను ఎంత తెలివిగా అన్నాడో ఇంటికి వచ్చి భార్యకు కూడా చెప్పుకున్నాడు.

ఎండలు ముదిరాయి. అది అమావాస్య కాదు, దాని దరిదాపులు కూడా కాదు. ఒక ఉదయం చెక్‌ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. రొయ్యలు నీళ్ళ అడుగున ఉండకుండా గట్టు వెంబడి మగతగా తిరుగుతున్నాయి. ఒకదాన్ని పట్టి వెలుతురుకు పెట్టి చూస్తే పేగు ఖాళీగా ఉంది, ఒళ్ళు పాలిపోయి ఉంది. ఈసారి జబ్బు నిజంగానే వచ్చింది.

దొరబాబు పొట్లం విప్పాడు. మందు పెట్టాడు. రొయ్యలు కోలుకోలేదు. రెట్టింపు పెట్టాడు. ఇంకా ఎక్కువ చచ్చాయి. మంగాయమ్మ వచ్చి చూసి, "చెరువు నీళ్ళూ నాలుగు రొయ్యలూ పట్టుకెళ్ళి ల్యాబులో ఇయ్యి. పోల్చి చూడ్డానికి నా చెరువు నీళ్ళూ ఒక సీసా పట్టుకెళ్ళు. జబ్బేదో తెలియకుండా ఏం పెడతావు?" అంది. ఆమె పోరు పడలేక ఇచ్చి వచ్చాడు గానీ, మనసంతా ఇంకో పొట్లం మీదే ఉంది.

ఆ గందరగోళంలోనే నూకరత్నం చేతికి దెబ్బ తగిలింది. ట్రే పైకి లాగుతుంటే చావుబతుకుల్లో ఉన్న ఒక రొయ్య ఎగిరిపడింది. దాని నెత్తి మీది ముల్లు ఆమె కుడి అరచేతిలో దిగింది. రొయ్య ముల్లు గుచ్చుకోవడం గట్టు మీద ఉండేవాళ్ళకు కొత్తేమీ కాదు. ఆమె చేయి చెరువులోనే కడుక్కుని, ఇంటికి వెళ్ళి పసుపు అద్దుకుంది. మర్నాటికి చేయి వాచింది. దొరబాబు డబ్బా దించి ఎర్ర మాత్రలు రెండు ఇచ్చాడు. ఆ మర్నాడు జ్వరం వచ్చింది. ఇంకో రంగు మాత్ర ఇచ్చాడు.

"ఆసుపత్రికి పోదామా అండీ? చెయ్యి సలుపుతోంది" అంది నూకరత్నం.

"రేపటికి తగ్గిపోద్దిలే రత్నం. మందు పడింది కదా" అని అతను చెరువు వైపు పరుగెత్తాడు.

మంగాయమ్మ వచ్చి చూసేసరికి వాపు మణికట్టు దాటింది. ఆమె దొరబాబుని పిలిపించి, కోపంగా కాదు, మెల్లగా చెప్పింది.

"రొయ్యలు పోతే మళ్ళీ రొయ్యపిల్ల వేసుకోవచ్చు తమ్ముడూ. ఆటో పిలు."

టౌను ఆసుపత్రిలో డాక్టరు చేయి చూశాడు. ఇంతవరకు ఏం వాడారని అడిగాడు. దొరబాబు జేబులోంచి ఎర్ర అట్టా పచ్చ అట్టా తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు వాటిని తిప్పి చూసి, గాయంలోంచి కాస్త చీము తీసి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చేలోగా ఊరుకోకుండా ఎప్పుడూ ఇలాంటి గాయాలకు ఇచ్చే మందు సూదితో ఎక్కించాడు. అది పని చేయలేదు. వాపు మోచేతి వైపు పాకుతోంది.

"రేపటిలోగా దీన్ని లొంగదీసే మందు దొరకాలి. లేకపోతే చేయి దక్కించడం కష్టం" అని డాక్టరు దొరబాబుకి చెప్పాడు.

నూకరత్నం ఆ మాట విననే విన్నది. కళ్ళు మూసుకుని, "కుడి చెయ్యండీ ఇది" అంది. దొరబాబుకి ఆ క్షణంలో చెరువు గుర్తే లేదు.

అప్పుడే ల్యాబు నుంచి ఫోను వచ్చింది. ల్యాబు ఆసుపత్రికి పక్క వీధిలోనే. దొరబాబు పరుగున వెళ్ళాడు. అక్కడ పరీక్షలు చేసే గ్రేస్ అనే అమ్మాయి అతని ముందు రెండు గాజు పళ్ళేలు పెట్టింది. రెండింటిలోనూ పల్చని జావ గడ్డకట్టినట్టు ఒక పొర, దాని మీద బొట్టుబిళ్ళల్లాంటి చిన్న తెల్ల బిళ్ళలు ఉన్నాయి.

"ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు ఉందండి. ఇది మంగాయమ్మ గారి చెరువు నీళ్ళు. బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ చూశారా? మందుకు జబ్బు పురుగు, అదే సూక్ష్మజీవి, చచ్చిన చోటు అది. ఇది మీ చెరువుదండి."

దొరబాబు వంగి చూశాడు. అతని పళ్ళెంలో బిళ్ళల చుట్టూ దాదాపు ఎక్కడా ఖాళీ లేదు. పురుగు బిళ్ళల అంచు దాకా దర్జాగా పెరిగింది.

"ఇదేంటండీ మేడమ్ గారూ, ఇంత మందు పెట్టాను కదా" అన్నాడు.

"పెట్టబట్టేనండి. మీ ఇంట్లో పాలు తోడేస్తారు కదా. గిన్నె కడిగామనుకుంటాం, అంచున కాస్త పెరుగు ఉండిపోతుంది. మర్నాడు పోసిన పాలన్నింటినీ ఆ కాస్తే తోడుపెడుతుంది. మీరు మందు చల్లినప్పుడల్లా నీరసం పురుగులు చచ్చాయి. మందును తట్టుకున్న మొండివి నాలుగు మిగిలాయి. మీరు సగంలో ఆపి వాటిని దయగా వదిలారు. చెరువంతా ఇప్పుడు వాటి సంతానమేనండి. ఒకదానికి వచ్చిన విద్య పక్కదానికి నేర్పుతాయి కూడాను. పైగా మీకు దొరికిన ఈ జాతి మహా చెడ్డది. రొయ్య లోపల విషం చిమ్ముతుంది. అందుకే ఇంత జోరుగా చస్తున్నాయి."

దొరబాబు పళ్ళెం మీంచి చూపు ఎత్తి అడిగాడు. "మా ఇంటావిడ చేతిలో దిగింది కూడా ఈ చెరువు రొయ్య ముల్లేనండి. చేతికి పట్టింది కూడా ఇదేనంటారా?"

"అయ్యుండొచ్చండి" అంది గ్రేస్. ఆమె పళ్ళెంలో ఒక మూలనున్న బిళ్ళను చూపించింది. ఆ ఒక్కదాని చుట్టూ మాత్రం నాణెం వెడల్పున శుభ్రంగా ఖాళీ ఉంది. వెంటనే డాక్టరుకు ఫోను చేసింది. అక్కడి పరీక్షలో కూడా సరిగ్గా అదే మందు తేలిందని డాక్టరు చెప్పాడు, ఇప్పుడే మొదలుపెడుతున్నానన్నాడు.

"ఇదొక్కటీ ఎందుకు పనిచేస్తుందండీ?" అని అడిగాడు దొరబాబు.

"దీన్ని మీరెప్పుడూ వాడలేదు కాబట్టి" అంది గ్రేస్.

ఊపిరి తిరగగానే పాత దొరబాబు మళ్ళీ తల ఎత్తాడు. "అయితే ఆ మందే నా చెరువుకీ పెడితే?"

"రొయ్యలకు పెట్టకూడని మందండి అది. అయినా కొట్లో బల్ల కింద అదీ దొరుకుతుంది లెండి, మిమ్మల్ని నేను ఆపలేను. పెడితే కొన్నాళ్ళకు ఈ ఖాళీ కూడా పూడిపోతుంది. అప్పుడు ఇంకో ఇల్లాలి చేతికి ముల్లు గుచ్చుకుంటే డాక్టరు గారి దగ్గర ఏం మిగులుతుందండీ?"

టౌనులోంచి వస్తూ దొరబాబు ఆ కొట్టు ముందు ఆగలేదు.

అయినా చెరువు చెరువే. సగం రొయ్యలు ఇంకా బతికున్నాయి. వాటిని దక్కించుకునే దారి ఒకటి గట్టు మీద అందరికీ తెలిసినదే. సముద్రం పాటు మీదుండి నీళ్ళు వెనక్కి తీసేటప్పుడు తూము పలకలు ఎత్తితే జబ్బు నీళ్ళు కోడులోకి దిగిపోతాయి. పోటు వచ్చినప్పుడు కొత్త నీళ్ళు పెట్టుకోవచ్చు. మొగలికోడులో అందరూ చేసే పనే అది. దాన్ని ఎవరూ తప్పని కూడా అనుకోరు. నీళ్ళు కోడులోకి పోయాక అవి ఎవరివి, ఎవరు అడుగుతారు?

మధ్యాహ్నం పాటు మొదలైంది. దొరబాబు తూము దగ్గరకు వెళ్ళి మొదటి పలక పిడి పట్టుకున్నాడు.

దిగువన, కోడులో నడుము లోతు నీళ్ళలో జాలరుల పల్లెపాలెం ఆడవాళ్ళు బురద తడుముతూ రొయ్యలు పడుతున్నారు. వాళ్ళకు వలలుండవు. చేతులే వలలు. నడుముకు కట్టుకున్న తట్టలు నీళ్ళ మీద తేలుతున్నాయి. వాళ్ళలో పోలేరమ్మ అనే ఆవిడ తల ఎత్తి చూసింది.

"దొరబాబు గారూ, అమ్మగారి చెయ్యి ఎలా ఉందండీ?"

"చూస్తున్నారమ్మా" అన్నాడు.

"మా చల్లని తల్లండి, ఏం కాదు. నీళ్ళు వదులుతున్నారేంటండీ? వదిలితే ఒక కేక వెయ్యండి బాబూ, తూము కాడికి వచ్చేస్తాం. మీ నీళ్ళతో రొయ్య కూడా కొట్టుకొస్తాది కదండీ. పిల్లలు కూర తిని ఎన్నాళ్ళైందో."

ఆమె చేతులు నీళ్ళలోంచి పైకి తీసి మొహం మీది జుట్టు వెనక్కి తోసుకుంది. ఆ చేతుల నిండా గీతలు, ముల్లు గుచ్చుకున్న మచ్చలు. దొరబాబు ఆ చేతులను ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాడు గానీ, అవి కనపడ్డది మాత్రం ఆ రోజే. ఆసుపత్రి మంచం మీద దూది చుట్టిన ఇంకో చేయి అతని కళ్ళ ముందు మెదిలింది. ఎత్తబోయిన పలకను కిందికి నొక్కాడు. వంగి రెండు చేతులా బంకమట్టి తీసి పలకల సందుల్లో కూరాడు. ఒక చుక్క కూడా కారకుండా కూరాడు.

"వదలటం లేదమ్మా. ఈ నీళ్ళు మీ చేతులకు తగలకూడదు. ఇవాళ మీరు కూడా ఇంత దగ్గర్లో పట్టకండి, ఎగువకు పోండి" అన్నాడు. అతనికి గుర్తొచ్చింది పోయే పంట కాదు. ఇన్నాళ్ళూ తాను వదిలిన నీళ్ళు.

ఆ సాయంత్రం అతను టీకొట్టు దగ్గర నలుగురిలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. నా చెరువులో మందుకు చావని పురుగు పుట్టింది, నేనే పెంచాను, తూము మూసేశాను, ఎవరూ మా గట్టు దగ్గర నీళ్ళు తోడుకోకండి అన్నాడు. కొందరు తిట్టారు. పొట్లాలు వాడే కొందరు కింద చూశారు. ఒకాయన మాత్రం చెవి దగ్గర చేరి, "మాట్లాడకుండా వదిలేస్తే ఎవరికి తెలిసేదయ్యా?" అన్నాడు.

"రత్నం చేతికి తెలిసింది కదా బాబాయ్" అన్నాడు దొరబాబు.

మర్నాడు ఎవరూ పిలవకుండానే మంగాయమ్మ చేతులకు తొడుగులు వేసుకుని చెరువు పనికి దిగింది. నిన్న తిట్టినవాళ్ళలో సగం మంది కూడా వచ్చారు. మన జనం అంతే. నోరు ఒక దారి, కాళ్ళు ఒక దారి. పురుగూ రొయ్యా రెండూ చచ్చేలా నీళ్ళలో బ్లీచింగు కలిపారు. రొయ్యలను దూరంగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చారు. ఒక్క రొయ్య కూడా గట్టు దాటి పోలేదు. పంట మొత్తం పోయింది. కోడు మాత్రం కోడులాగే ఉంది.

ఆసుపత్రిలో కొత్త మందు పని చేసింది. వాపు మోచేతి దగ్గర ఆగింది, తర్వాత వచ్చిన దారినే వెనక్కి తగ్గింది. చేయి దక్కింది. బొటనవేలు మాత్రం కొంచెం బిగుసుకుంది. ఇంటికి పంపుతూ డాక్టరు మాత్రలిచ్చి, తగ్గినట్టు అనిపించినా చివరిదాకా వాడాలన్నాడు. దొరబాబు పొద్దునా సాయంత్రం గ్లాసుతో నీళ్ళు పట్టుకుని భార్య ఎదురుగా నిలబడేవాడు.

"తగ్గిపోయింది కదండీ. ఇంకా మింగడం దేనికి, దండగ" అని నూకరత్నం అతని మాటే అతనికి అప్పజెప్పింది.

"డాక్టరు గారు చెప్పినన్నాళ్ళూ మింగాల్సిందే" అన్నాడు దొరబాబు, నవ్వకుండా.

అటక మీది బిస్కెట్ డబ్బాను అతనే దించి, అట్టలన్నీ ఆసుపత్రిలో అప్పగించి వచ్చాడు. ఇప్పుడు దానిలో నూకరత్నం చేగోడీలు పోస్తోంది. అవి సగంలో ఆపి దాచడం మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ చేతకావడం లేదు.

చెరువును పగుళ్ళు వచ్చేదాకా ఎండబెట్టారు. మట్టి మార్చారు. మళ్ళీ నీళ్ళు పెట్టిన రోజున మంగాయమ్మ తన నీలం డ్రమ్ములోంచి ఒక చెంబు పులిసిన నీళ్ళు పట్టుకొచ్చింది.

"ఇదిగో తమ్ముడూ, తోడు. చెడ్డ పురుగుకు చోటు ఉండకూడదంటే మంచిది ముందే కాపురం పెట్టాలి" అంది.

దొరబాబు ఆ చెంబును రెండు చేతులా అందుకున్నాడు. తవుడూ బెల్లమూ కలిపి తానూ ఒక డ్రమ్ము పెట్టుకున్నాడు. ఈసారి రొయ్యపిల్లను పలచగా వేశాడు. మేత కొలిచి వేశాడు. ట్రే లాగేటప్పుడు నూకరత్నం చేతికి రబ్బరు తొడుగు లేనిదే గట్టెక్కనిచ్చేవాడు కాదు.

అమావాస్య వచ్చింది. ట్రే పైకి లాగితే మేత మిగిలి ఉంది. దొరబాబు గుండె పాత అలవాటు ప్రకారం జారింది. కాళ్ళు బండి వైపు రెండడుగులు వేశాయి కూడా. నూకరత్నం అతని వైపే చూస్తోంది. అతను వెనక్కి వచ్చి గట్టు మీద చతికిలబడ్డాడు.

"మేత తగ్గిద్దాం. గుల్ల గట్టిపడేదాకా ఆగుదాం" అన్నాడు.

"ఆగగలరా?" అంది నూకరత్నం.

"నీ చెయ్యి ఇలా పెట్టు, ఆగుతాను" అన్నాడు. ఆమె బిగుసుకున్న బొటనవేలితోనే అతని చేయి పట్టుకుని కూర్చుంది. కొత్త గుల్ల గట్టిపడ్డాక ట్రే లాగితే, కడిగిపెట్టిన పళ్ళెంలా ఖాళీగా వచ్చింది. ఒక్క పొట్లం విప్పకుండా. దొరబాబు ఆ ఖాళీ ట్రేను ఊరంతా తిప్పి చూపించాలన్నంత సంబరపడ్డాడు. మంగాయమ్మకు చూపించి సరిపెట్టుకున్నాడు.

రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజు వచ్చింది. పంట బ్రహ్మాండం కాదు గానీ బాగుంది. నీళ్ళు వదిలే ముందు దొరబాబు చెరువు నీళ్ళు గ్రేస్‌కు ఇచ్చి పరీక్ష చేయించాడు. పళ్ళెంలో బిళ్ళల చుట్టూ ఖాళీలు మళ్ళీ కనపడుతున్నాయని ఆమె చెప్పింది. అప్పుడు తూము దగ్గరకు వెళ్ళి, దిగువన చేతులతో బురద తడుముతున్న ఆడవాళ్ళను చూసి గొంతెత్తి పిలిచాడు.

"పోలేరమ్మా, తీస్తున్నాను. రండమ్మా, రండి."

తట్టలు నీళ్ళ మీద ఊగుతుండగా వాళ్ళంతా నవ్వుకుంటూ తూము ముందుకు వచ్చి నిలబడ్డారు. దొరబాబు పలక ఎత్తాడు. శుభ్రమైన నీళ్ళతో పాటు, వలకు దొరక్కుండా తప్పించుకున్న రొయ్యలు వాళ్ళ చేతుల్లోకి జారాయి. ఆ పూట పల్లెపాలెంలో ప్రతి ఇంట్లోనూ రొయ్యల కూర ఉడికింది. ఎవరి చేయీ వాయలేదు.

నీతి: ప్రతి చిన్న భయానికీ పెద్ద ఆయుధం తీసేవాడు పెద్ద ఆపద వచ్చిన రోజున వట్టిచేతులతో నిలబడతాడు, అవసరం వచ్చేదాకా దాన్ని దాచుకున్నవాడు తన ఇంటితో పాటు దిగువనున్న పదిళ్ళనూ కాపాడతాడు.